కాలువ కట్టాక చూసిన ఇల్లు

మా అక్క పరాయి పిల్ల గౌను అంచుని నాలుక మీద పెట్టుకుని రుచి చూసిన రోజున నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అదీ ఎక్కడ? మేం కొనబోతున్న ఇంటి వసారాలో, బ్రోకరు గారి ఎదురుగా, అడ్వాన్సు డబ్బు నా హ్యాండ్‌బ్యాగులో ఉండగా. ఆ రోజు అడ్వాన్సు ఇవ్వకుండానే తిరిగొచ్చేశాం. వస్తూ బస్సులో అక్కని నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ మాట దగ్గరికి వస్తాను. ముందు ఇల్లు సంగతి చెప్పాలి.

మాది తణుకు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా స్కూలు పిల్లలూ అంటారు, మా ఆయనా అంటారు. పిల్లలు వెనకాల అంటారు, ఆయన మొహం మీదే అంటారు. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. పెళ్ళయ్యాక ఎనిమిదేళ్ళు సముద్రం దాపున ఉన్న అత్తవారి ఊళ్ళో కాపురం చేసింది. బావగారు పోయాక, పిల్లలు కూడా లేరు గనక, ఒక ట్రంకుపెట్టె, ఒక కుట్టుమిషను తీసుకుని మా ఇంటి వెనక గదిలోకి వచ్చేసింది. అప్పట్నించీ మా వీధి ఆడవాళ్ళ జాకెట్లన్నీ అక్క చేతిలోనే పడ్డాయి. మా ఇంట్లో ఉన్న మాటే గానీ మా సొమ్ము తినదు. తన గ్యాసు బండ తనదే, తన పాలప్యాకెట్టు తనదే. పండక్కి నేను చీర పెడితే మర్నాటికల్లా నాకో జాకెట్టు కుట్టి చేతిలో పెడుతుంది. ఊరికే కూర్చోగా అక్కని నేనెప్పుడూ చూడలేదు.

రెండేళ్ళ క్రితం సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలవడం మొదలుపెట్టింది. కళ్ళజోడు మార్చాం. ఆర్నెల్లకి మళ్ళీ మొదలు. రాజమండ్రి తీసుకెళ్ళి చూపిస్తే, సుగరు వల్ల కంటి లోపలి పొర దెబ్బతింటోందనీ, మందులు వాడినా సరే, సన్నపని మాత్రం మానెయ్యాల్సిందేననీ డాక్టరమ్మ చెప్పింది. బస్సు గోదావరి వంతెన దాటేదాకా అక్క మందుల చీటీ మడతలు పెడుతూ కూర్చుంది. దాటాక, "మానేస్తే ఏం తినాలే?" అంది. "నేను పెట్టనా?" అన్నాను. మొహం తిప్పేసుకుంది. దాని మొండితనం నాకు తెలుసు. నేను పెడతానన్నన్నాళ్ళూ తను కుడుతూనే ఉంటుంది, కళ్ళు పూర్తిగా పోయేదాకా.

అద్దె ఇల్లు కొనాలన్న ఆలోచన నాకు అలా పుట్టింది. అక్క దగ్గర బావగారి తాలూకు స్థలం అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది. నా పీఎఫ్‌లో కొంత తీసుకోవచ్చు. రెండూ కలిపి ఇద్దరి పేరు మీదా ఓ చిన్న ఇల్లు కొంటే, వచ్చే అద్దె అంతా అక్కది. అది నా ధర్మం కాదు, తన ఆస్తి మీద తన రాబడి. ఈ మాట అక్కకి నచ్చింది. "అద్దె వచ్చిన నెల నుంచీ మిషను మానేస్తాను" అని మాటిచ్చింది. కనక నేను కొనబోయేది గోడలూ స్లాబూ కాదు, అక్క కళ్ళు. పొరపాటు చేస్తే దాని బతుకంతా దాచుకున్నదీ పోతుంది, కళ్ళూ పోతాయి. ఈ భయం నన్ను ఎంత పట్టుకుందంటే, టెన్త్ పేపర్లు దిద్దుతూ మార్జిన్లో అద్దె లెక్కలు వేసేసి, మళ్ళీ రబ్బరుతో చెరుపుకున్నాను.

భయం ఉన్నవాళ్ళు ఎక్కువ చదువుతారు. నేనూ చదివాను. ఫోన్లో వీడియోలన్నీ చూశాను. ఏడాది అద్దె ఇంటి ధరలో ఎన్నో వంతు వస్తుందో చూడాలట, బ్యాంకు వడ్డీతో పోల్చాలట, ఏడాదికో నెల ఇల్లు ఖాళీగా ఉంటుందనుకుని లెక్క వెయ్యాలట, రంగులకీ మరమ్మతులకీ కొంత పక్కన పెట్టాలట. చెప్పేవాళ్ళందరూ చక్కగా క్రాపు దువ్వుకున్న కుర్రాళ్ళు. వాళ్ళలో ఒక్కడూ కాలువ గట్టున పుట్టలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ఓ నోటుబుక్కు పెట్టి, చూసిన ప్రతి ఇంటికీ ఓ పేజీ కేటాయించి, మార్కులు వెయ్యడం మొదలుపెట్టాను.

మొదట చూసింది రావులపాలెంలో, అరటి మార్కెట్టు వెనక సందులో. పాత డాబా, రెండు వాటాలు. గోడలకి వెల్ల, పెరట్లో విడిగా బాత్రూము, తెల్లారకుండానే లారీల హారన్లు, సందంతా ఎండిన అరటాకు వాసన. లోపల అడుగైనా సరిగ్గా పెట్టకుండా దానికి నూటికి ముప్పై అయిదు వేశాను. మా స్కూల్లో పాస్ మార్కు అంతే. అదీ దయతలచి వేసింది.

కార్తీకమాసంలో అసలు ఇల్లు దొరికింది. తణుక్కి దక్షిణంగా, సముద్రం వైపు గంట ప్రయాణంలో ఉన్న చిన్న పట్నం. పెద్ద కాలువ పక్కనే తారు రోడ్డు, రోడ్డు మీదకే ఇల్లు. కింద ఓ వాటా, మేడ మీద ఓ వాటా, రెండింట్లోనూ అద్దెకున్నవాళ్ళు. మెట్లకి స్టీలు రెయిలింగు, వంటగదిలో గ్రానైటు గట్టు, గుమ్మం ముందు నందివర్ధనం. బ్రోకరు గారు ఈశాన్యం చూపించారు, ఆగ్నేయం చూపించారు, వీధి తలుపుకి ఎదురుగా ఏ పోటూ లేదని నన్ను నిలబెట్టి మరీ చూపించారు.

"ఖాళీ అన్న మాటే ఉండదండి మేడం గారూ ఈ ఇంటికి. ఒకళ్ళు సామాను ఎత్తుతుంటే ఇంకొకళ్ళు దించుతుంటారండి" అన్నారు.

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. నోటుబుక్కులో అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాను. పెరట్లో బోరు పంపు తిప్పించి గ్లాసుడు నీళ్ళు పట్టించుకుని తాగాను కూడా. తియ్యగా ఉన్నాయి. 'నీళ్ళు: బాగు' అని రాసి పక్కన టిక్కు పెట్టాను. కాయితాలు లాయరు గారికి చూపించాను. లింకు డాక్యుమెంట్లు సరిపోయాయి, ఈసీలో ఏ తాకట్టూ లేదు, ప్లాను అనుమతి ఉంది. నూటికి ఎనభై ఎనిమిది. మా ఆయన "సైన్సు టీచరు చూసింది కదా, ఇంక నేనేం చూస్తాను" అన్నారు. అది మెచ్చుకోలే అనుకున్నాను.

మాఘమాసంలో మంచిరోజు చూసుకుని అడ్వాన్సు ఇవ్వడానికి అక్కని వెంటబెట్టుకుని వెళ్ళాను. డబ్బు హ్యాండ్‌బ్యాగులో, బ్యాగు ఒళ్ళో. అక్క ఆ ఇంటిని చూడడం అదే మొదలు. చూడడం అంటే చేత్తో చూడడమే. గోడల మీద అరచెయ్యి రాస్తూ గదులన్నీ తిరిగింది. "బాగుందే" అంది. నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత వసారాలో కుర్చీ వేస్తే కూర్చుంది.

కింద వాటాలో ఉంటున్నావిడకి ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త రొయ్యల మేత గోడౌనులో పని చేస్తాడని చెప్పింది. మాకు టీ ఇచ్చి, కాసేపు తలుపు దగ్గర నిలబడి, లోపలికి వెళ్ళి ఓ పిల్ల గౌను పట్టుకొచ్చింది. నీలం పువ్వుల నూలు గౌను.

"బ్రోకరు గారు చెప్పారండి, మీరు దర్జీ పని చేస్తారని. పోయిన ఎండాకాలం కుట్టించానండి మా అమ్మాయికి. ఓ నెల వేసుకుంది, ట్రంకులో పెట్టేశాను. ఇప్పుడు బిగువైపోయింది. పక్క కుట్లు విప్పితే సరిపోద్దేమో ఓసారి చూస్తారా అండి?"

ఇల్లు కొనడానికొచ్చినవాళ్ళకి కుట్టుపని అప్పజెప్పడం ఏంటని నాకు మండింది. అక్క మాత్రం గౌను ఒళ్ళో వేసుకుని, లోపలి వైపు తిప్పి, కుట్ల వెంట వేళ్ళు నడిపింది. వీపు హుక్కుల దగ్గర ఆగింది. అంచు మడత దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. అక్కడ గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపింది. అట్టలా ఉందని దూరాన్నించి నాకే తెలుస్తోంది. అప్పుడు ఆ మడతని ఎత్తి, నాలుక చివర అంటించుకుంది. బ్రోకరు గారు టీ గ్లాసు నోటి దగ్గర ఆపేసి చూశారు.

"ఈ గౌను నాతో తీసుకెళ్తానమ్మా. విప్పి కుట్టి, ఎండల్లో తెచ్చిస్తాను" అంది అక్క.

"ఎండల్లోనాండి?"

"కాలువ కట్టాక."

ఆవిడ నా వైపు చూడలేదు, అక్క వైపూ చూడలేదు. గచ్చు వైపు చూస్తూ "అలాగేనండి" అంది. అక్క లేచి, గౌను మడిచి చంకలో పెట్టుకుని, "ఇవాళ అడ్వాన్సు ఇవ్వం. కాలువ కట్టాక మళ్ళీ వచ్చి చూస్తాం" అని బ్రోకరు గారితో చెప్పేసింది. ఆయన ఉలిక్కిపడ్డారు.

"అదేంటండి! అప్పటిదాకా ఆగుద్దా అండి ఇల్లు? ఇంకో పార్టీ ఉంది. ఆలస్యం అమృతం విషం అన్నారు కదండీ."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారండి" అని అక్క చెప్పులు వేసుకుంది.

బయటివాళ్ళకి ఇక్కడో మాట చెప్పాలి. మా డెల్టాలో ఏటా ఎండాకాలం వరి కోతలయ్యాక నీళ్ళు ఆపేసి కాలువలు కట్టేస్తారు. పూడికతీతలు, గట్ల మరమ్మతులు ఉంటాయి. మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదులుతారు. మా తణుకులో కాలువ కట్టినా వదిలినా బోరు నీళ్ళు ఒకేలా ఉంటాయి. అందుకని అది నాకు బట్టలుతికేవాళ్ళ బాధగానే తెలుసు గానీ, ఇల్లు కొనడానికీ దానికీ ఏమిటి సంబంధమో తెలీదు.

బస్సు కదిలాక ఏంటిదంతా అని అడిగాను. "ఆ గుడ్డ ఉప్పునీళ్ళలో ఉతికింది" అంది అక్క.

"చెమట ఉప్పు కాదా? ఎండల్లో పిల్ల వేసుకున్న గౌను. చెమటలో ఉండేది సోడియం క్లోరైడే."

"చెమట మెడ దగ్గరుంటుంది, చంకల్లో ఉంటుంది. మడిచి కుట్టిన అంచు లోపల ఉండదు. హుక్కులు తుప్పు పట్టి గుడ్డంతా మచ్చలు. ఏడాది తిరక్కుండా దారం పుచ్చిపోయింది. ఎనిమిదేళ్ళు ఉతికానే అలాంటి నీళ్ళలో. నాకు తెలీదా?"

"ఆ నీళ్ళు నేను తాగాను. తియ్యగా ఉన్నాయి. నోటుబుక్కులో రాశాను."

"కార్తీకంలో కదా తాగావు. కాలువ నిండుగా ఉంటే పక్కన బోరూ తియ్యగానే ఉంటుంది. కాలువ ఎండితే అడుగున ఉన్న ఉప్పు పైకొస్తుంది."

మాట దొరకనప్పుడే నాకు కోపం వస్తుంది. నాలుగు నెలలు తిరిగింది నేను, లాయరు చుట్టూ తిరిగింది నేను, సెలవులు పెట్టింది నేను. "నాకు కనపడనిది నీకేం కనపడిందే? అసలే గుడ్డిదానివి!" అనేశాను. బస్సులో ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అక్క పైట చెంగుతో కిటికీ అద్దం తుడిచి, మా స్టాపు వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చుంది. ఆ మాట నోరు దాటిన క్షణమే నాకు తెలుసు, అనకూడనిది అన్నానని. కానీ క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

తర్వాత రెండు నెలలు నాకు నరకమే. బ్రోకరు గారు వారానికోసారి ఫోను చేసి ఇంకో పార్టీ సంగతి చెప్పేవారు. ఓ పక్క మంచి ఇల్లు అక్క చాదస్తానికి చేజారిపోతోందన్న ఉక్రోషం, ఇంకో పక్క అక్క అన్నదే నిజమైతే ఏం జరిగి ఉండేదోనన్న వణుకు. అక్క మాత్రం కుడుతూనే ఉంది. ఓ రోజు మిషను సూది చూపుడువేలి గోట్లోంచి దిగిపోయింది. వేలికి గుడ్డ చుట్టుకుని ఆ సాయంత్రమే మళ్ళీ కూర్చుంది. నీలం పువ్వుల గౌను మాత్రం విప్పి, పుచ్చిన దారం లాగేసి, కొత్త కుట్లు వేసి, హుక్కులు మార్చి, తన గదిలో మేకుకి తగిలించింది. ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా నేను అటు చూడకుండా వచ్చేసేదాన్ని.

కాలువ కట్టేశారు. మా తణుకు కాలువలో అడుగు బురదా గుర్రపుడెక్కా బయటపడిన వారానికి, నేను హెడ్మాస్టరు గారికి చెప్పి, ల్యాబులోంచి రెండు పరీక్ష నాళికలు, ఓ చిన్న సీసా సిల్వర్ నైట్రేటు ద్రావణం తెచ్చుకున్నాను. ఏటా టెన్త్ పిల్లలకి చూపించే ప్రయోగమే. నీళ్ళలో ఉప్పుంటే ఆ ద్రావణం చుక్క పడగానే తెల్లగా విరుగుతుంది. ఎంత ఉప్పో అంత తెలుపు. ముందు మా పంపు నీళ్ళలో వేసి చూశాను. కాస్త మబ్బు కమ్మినట్టయింది, అంతే. ఆ నాళికకి బిరడా పెట్టి, చేతిరుమాలులో చుట్టి, అక్కనీ గౌనునీ తీసుకుని బస్సెక్కాను. బ్రోకరు గారికి చెప్పలేదు.

ఇంటి ముందు దిగేసరికి మేడ మెట్లకి 'టు లెట్' అట్ట వేలాడుతోంది. పై వాటావాళ్ళు ఖాళీ చేసి వారమైందిట. కింద వాటా వసారాలో, మాఘంలో అక్కకి కుర్చీ వేసిన చోట, నీళ్ళ టిన్నులు వరసగా పేర్చి ఉన్నాయి. కాలువ అడుగు పగుళ్ళిచ్చింది. నందివర్ధనం ఆకులు అంచుల్లో మాడిపోయాయి. సగం జవాబు నాకు అక్కడే దొరికింది. అయినా పరీక్ష పరీక్షే. పెరట్లో బోరు పంపు తిప్పి, నాళికలో నీళ్ళు పట్టి, ద్రావణం మూడు చుక్కలు వేశాను. తొందరలో ఇంకో చుక్క నా వేలి మీద పడింది.

"ఏమైందే?" అంది అక్క. నాళిక తన మొహానికి దగ్గరగా పెట్టినా తనకి ఆనడం లేదు.

నాళికని వెలుగుకి ఎత్తి మళ్ళీ చూశాను.

"ఏమైందో చెప్పవే!"

"పెరుగులా అయిపోయిందక్కా" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

అద్దెకున్నావిడ మా వెనకే నిలబడి ఉంది. అక్క గౌను చేతికిస్తే తీసుకుని, కొత్త హుక్కులు తడిమి చూసుకుంది. అప్పుడు చెప్పింది. ఈ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, తల పోసుకుంటే జుట్టు జడలు కట్టేస్తుంది. తాగడానికీ వండడానికీ టిన్నులు కొనాల్సిందే. మేడ మీదకి ఎవరొచ్చినా కాలువ కట్టగానే వెళ్ళిపోతారు, వదిలాక కొత్తవాళ్ళొస్తారు. ఆవిడ భర్తకి గోడౌను పక్కనే కనక సర్దుకుంటున్నారు.

"మూడేళ్ళ కిందట మేమూ ఆశ్వయుజంలో చూసి అడ్వాన్సు ఇచ్చేశామండి. ఎవరూ చెప్పలేదు. మీకు చెబుదామంటే, నీళ్ళ సంగతి ఎత్తితే ఖాళీ చెయ్యమంటామని ఓనరు గారు ముందే అన్నారండి. నోటితో చెప్పకూడదు. అందుకనండి, గౌనిచ్చాను."

నేను తెల్లబోయి చూశాను. అక్క నవ్వింది. "తెలుసమ్మా. లేకపోతే మాఘమాసం చలిలో ఎండాకాలం గౌను ఎవరు విప్పించుకుంటారు?"

అంటే ఆ రోజు వసారాలో ఆ ఇద్దరూ మా అందరి ఎదురుగా మాట్లాడేసుకున్నారన్నమాట. బ్రోకరు ముందు కారణం చెబితే నింద ఈవిడ మీదికి పోతుందనే అక్క అక్కడ నోరెత్తలేదు. నేను మాత్రం గుడ్డ కళ్ళెదుటే ఉన్నా, లెక్కలన్నీ చేతిలోనే ఉన్నా, ఒక్క ముక్క చదవలేకపోయాను. 'ఒకళ్ళు ఎత్తుతుంటే ఇంకొకళ్ళు దించుతుంటారు' అన్న మాటకి నోటుబుక్కులో పది మార్కులు వేసినదాన్ని నేనే. ఎందుకు ఎత్తుతున్నారో అడగలేదు.

వచ్చేటప్పుడు బస్సులో నా ఒళ్ళంతా తేలికైపోయి, కాళ్ళూ చేతులూ నావి కానట్టున్నాయి. గుండెల మీంచి తిరగలి రాయి దించినట్టుంది. పోయేది పోలేదు. అక్క డబ్బు బ్యాంకులోనే భద్రంగా ఉంది. అదే రూటు బస్సు, కిటికీ పక్కన అదే అక్క. "ఆ రోజు అలా అన్నానక్కా. నన్ను క్షమించు. పాపిష్టి నోరు" అన్నాను.

"గుడ్డిదాన్నే గానీ చెవిటిదాన్ని కాదుగా, ఆ రోజే వినపడింది" అంది. నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "ఉప్పునీళ్ళ పేరెత్తితే గొంతెండిపోతోంది. దిగాక బొండం కొనిపెట్టు." దిగాక రెండు కొన్నాను. ఇద్దరం బస్టాండులో నిలబడి తాగాం.

మర్నాడు బ్రోకరు గారికి ఫోను చేసి, నా ల్యాబు నాళికలో నీళ్ళు విరిగాయని మాత్రం చెప్పాను. అద్దెకున్నావిడ మాట రానివ్వలేదు. ఆయనకి కోపం కూడా రాలేదు. "ఎండాకాలంలో ఇల్లు చూసేవాళ్ళని మిమ్మల్నే చూశానండి మేడం గారూ" అన్నారు. సిల్వర్ నైట్రేటు పడిన నా వేలి మీద నల్లమచ్చ వారం దాటినా పోలేదు. స్టాఫ్ రూములో అందరూ అడుగుతుంటే, బుద్ధొచ్చిన గుర్తు అని చెప్పాను.

కాలువ వదిలేలోగా చూడాల్సింది ఇంకొకటుంది. ముప్పై అయిదు మార్కుల రావులపాలెం ఇల్లు. లారీల గోలకి భయపడి అది ఇంకా ఎవరూ కొనలేదు. ఈసారి నోటుబుక్కు ఇంట్లో వదిలేసి, నాళికా సీసా తీసుకెళ్ళాను. గోదావరి పక్క ఇసుక నేల అది. చుక్క వేస్తే మా పంపు నీళ్ళలో వచ్చినంత మబ్బే వచ్చింది. అక్క అదీ చాలదని చెంబుడు పట్టించుకుని గటగటా తాగింది. అక్కడ ఆరేసి ఉన్న తువ్వాలు ఒకటి వేళ్ళతో నలిపింది. ముందు వాటాలో ఉన్నాయన మార్కెట్టులో గుమాస్తా. ఈసారి నేను అద్దె ఎంతని ముందు అడగలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారండి?"

"పదకొండేళ్ళండి."

"మరి లారీల గోల?"

"మొదటి ఏడాది వినపడేదండి" అన్నాడాయన.

ఆ ఇల్లే కొన్నాం. శ్రావణంలో రిజిస్ట్రేషనైంది. సంతకం పెట్టే చోట గళ్ళు కనపడక అక్క నా వేలు పట్టుకుని పెట్టింది. అప్పుడు నల్లమచ్చ పడిన వేలే. పెరటి బాత్రూముకి తలుపు మార్చాం, వెల్ల వేయించాం. ఇంక ఎవరు ఖాళీ చేస్తారోనని నేను గుండె పట్టుకుని కూర్చోవాల్సిన పని పడలేదు.

మొదటి నెల అద్దె అక్క ఖాతాలో పడింది ఓ ఆదివారం పొద్దున. ఫోను మోగితే నేనే చదివి వినిపించాను. "ఊఁ" అని ఊరుకుంది. కాసేపటికి మా వీధి చివరావిడ పెళ్ళి జాకెట్టు గుడ్డ పట్టుకొచ్చింది. పట్టు, అంచంతా సన్న జరీ. నేను వసారాలో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుకుంటూ చెవులు అటే వేశాను. అక్క ఆ గుడ్డని చాలాసేపు తడిమింది. అంత మంచి గుడ్డ చేతికొస్తే తను వదిలిపెట్టదని నాకు తెలుసు. నా ఎర్ర పెన్ను ఆగిపోయింది.

"బాగుందమ్మా గుడ్డ. నేను ఇంక కుట్టడం లేదు" అంది అక్క. గుడ్డ మడిచి ఆవిడ చేతిలో పెట్టేసింది.

ఆవిడ వెళ్ళిపోయాక మిషను మీద మూత పెట్టి, దాని మీద పాత దుప్పటి ముక్క కప్పి, అక్క వసారాలోకి వచ్చింది. చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు నిలబడింది.

"ఏమే, ఇప్పుడు మధ్యాహ్నం దాకా ఏం చెయ్యాలి?"

పేపర్లన్నీ పక్కకి జరిపి, "ఏం లేదక్కా, కూర్చో" అన్నాను.

కూర్చుంది.